దూది తాకిన చోటు

నందిగామలో ట్రక్కు దిగేసరికి పొద్దున్న ఏడు. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. చైనా యుద్ధం అయిన తర్వాతి వేసవి అది. సైన్యానికి కొత్తవాళ్లు కావాలి. ఊరూరా తిరిగి మనుషుల్ని ఎంపిక చేసే జట్టు వెంట ఒక చిన్న వైద్య బృందం కూడా వెళ్లేది. అందులో నేను నర్సింగ్ అసిస్టెంటుని.

యుద్ధంలో నేను మంచుకొండల మీద ఉన్నాను. మా చందర్లపాడులో ఇప్పటికీ అందరూ ఆ కొండల గురించే అడుగుతారు. నేను మాత్రం ఈ డ్యూటీ గురించి చెబుతాను. నాకు నిజంగా దెబ్బ తగిలింది ఇక్కడే. ఒక్క తూటా కూడా పేలలేదు.

మేం నలుగురం. కెప్టెన్ డాక్టరు మలయాళీ, తెలుగు ఒక్క ముక్క రాదు. హవల్దార్ క్లర్కు తమిళుడు, తెలుగు వచ్చు, ఫిరంగుల మోతకి కుడిచెవి పోయింది. డ్రైవరు పంజాబీ, మా ఎండల్ని రోజూ తిట్టేవాడు. నాలుగో వాణ్ణి నేను. సామాను ఒక గుడారం, బరువు తూచే యంత్రం, ఎత్తు కొలిచే కొయ్య, ఛాతీ టేపు, కళ్ల పరీక్ష బోర్డు, రెండు కాన్వాసు నీళ్లసంచులు, ఒక పెట్టె నిండా దూది, మందులు.

క్యాంపు ఊరి బయట మూతపడ్డ పత్తిమిల్లు ఆవరణలో వేశాం. చుట్టూ నల్లరేగడి పొలాలు, చెయ్యి దూరేంత నెర్రెలు. ఆవరణకి నడుమెత్తు గోడ. ఆ గోడ మీద మోచేతులు ఆనించి సగం నందిగామ నిలబడి చూసేది.

డాక్టరుకి ఒక అలవాటు ఉంది. రోజూ పని మొదలుపెట్టే ముందు ట్రక్కు వెనక తలుపు మీద సుద్దముక్కతో ఒక ఇంగ్లీషు మాట రాసేవాడు. వైద్యం చేసే చేతికి చట్టం, నీతి రెండూ తెలియాలనేవాడు. ఆ మాటని నేను తెలుగులో చెప్పాలి. మొదటి రోజు రాసింది కన్సెంట్.

"సమ్మతి సార్" అన్నాను. మా మాటలన్నీ హిందీలోనే.

"ఇక్కడి రైతు ఆ మాట అంటాడా?"

"అనడు సార్. సరే కానియ్యండి అంటాడు."

"అయితే అది నీ చెవిన పడేదాకా ఒంటి మీద చెయ్యి వెయ్యకు. లైన్లో నిలబడ్డాడు కదా, ఒప్పుకున్నట్టే అనుకోకు."

నాకు నవ్వొచ్చింది. కొండల మీద ఎవర్ని అడిగి చెయ్యి వేశాం? కానీ అడగడం మొదలుపెట్టాక ఒకటి గమనించాను. అడిగితే మనుషులు బిగుసుకుపోవడం మానేశారు. పని తొందరగా తెమిలింది.

ఈ డ్యూటీ నాకు దొరికినందుకు నేను సంబరపడటానికి వేరే కారణం ఉంది. రెండో క్యాంపు జగ్గయ్యపేటలో. అక్కడ మా మేనమామ ఇల్లు. ఆయన కూతురు సామ్రాజ్యం. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె నాదేనని అందరూ అంటుంటే నేనూ అలాగే అనుకున్నాను. ఆమెని ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. నేను కొండల మీద ఉండగా అమ్మ ఉత్తరం రాయించింది. మామయ్య మనసు మార్చుకున్నాడు. సిపాయికి పిల్లనిచ్చి రోజూ టెలిగ్రాము కోసం ఎదురుచూడటం తన వల్ల కాదన్నాడు. చిల్లకల్లు కుర్రాడు వీరభద్రానికి మాటిచ్చాడు. రైతుబిడ్డ, పొడగరి, చెడుగుడులో ఆ చుట్టుపక్కల వాణ్ణి పట్టినవాడు లేడట.

నేను వాణ్ణి చూడలేదు. చూడకుండానే వాడి పేరంటే మండిపోయేవాణ్ణి. బంకర్లో పళ్లు కొరుక్కుంటూ పడుకున్న రోజులున్నాయి, అది చలికి కాదు.

నందిగామలో మా పని పద్ధతి ఇది. నేను కొలతలు తీసి, లోపం కనపడితే డాక్టరుకి చూపించి, ఆవరణ ఆ చివర బల్ల దగ్గరున్న హవల్దారుకి కేకేసి చెప్పాలి. ఆయనకి చెవుడు కాబట్టి గట్టిగా అరవాలి. అన్ని క్యాంపుల్లోనూ అంతే, ఎవరూ తప్పనుకోలేదు. పాదాలు చదును, మోకాళ్లు రాసుకుంటున్నాయి, చూపు తక్కువ. గోడ అవతల జనం వినేవారు. ఒక షావుకారు కొడుక్కి వరిబీజం ఉంది. అదీ అలాగే కేకేశాను. గోడ పొడుగునా నవ్వులు. ఆ మనిషి చొక్కా కూడా వేసుకోకుండా చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

డాక్టరు పని ఆపించాడు. "ఏమని అరిచావు?" అని అడిగాడు. చెప్పాను. సుద్దముక్క తీసుకుని పొద్దుటి మాట చెరిపి కొత్త మాట రాశాడు. కాన్ఫిడెన్షియాలిటీ.

"మనం వాడి ఒంట్లో చూసింది మనది కాదు. ఒళ్లు ఎవరిదో ఆ సంగతీ వాళ్లదే. చెప్పాలనుకుంటే వాళ్లు చెప్పుకుంటారు. నువ్వు చెబితే దొంగతనం" అన్నాడు. సిగ్గుపడే జబ్బులేమైనా ఉంటే హవల్దారు ఎడమచెవిలో చెప్పమని ఆర్డరు వేశాడు.

ఆర్డరు బాగానే ఉంది. దాన్ని మా నందిగామ వాళ్లు రెండు రోజుల్లో పట్టేశారు. కేకేస్తే చిన్న లోపం, చెవిలో చెబితే పెద్ద రోగం. నేను బల్ల వైపు నడిస్తే చాలు, గోడ దగ్గర తలలన్నీ ఒకదాని పక్కకి ఒకటి వంగేవి. మూడో రోజు వడగాలికి నా గొంతు బొంగురుపోయింది. కంచికచర్ల నుంచి వచ్చిన ఒకడికి పుచ్చుపళ్లు ఎక్కువ. అంతే లోపం. అరవలేక వెళ్లి చెవిలో చెప్పాను.

మర్నాడు వాడి తండ్రి తలపాగా బిగించుకుని వచ్చాడు.

"ఏమయ్యా మిలట్రీ, నా కొడుక్కి ఏం రోగముందని చెవిలో ఊదావు? ఊళ్లో మా చెంబుతో ఎవరూ నీళ్లు తాగట్లా!"

"పళ్లండీ. పుచ్చుపళ్లంతే."

"పళ్లయితే అరవొచ్చుగా! ఊరందరివీ అరిచావు, మావాడివి అరవడానికి నోరు రాలేదా?"

ఆయన మాట డాక్టరుకి హిందీలో చెప్పాను. డాక్టరు వెంటనే హవల్దారు బల్లని మోయించి నా పక్కనే వేయించాడు. చుట్టూ దుప్పట్లతో తెర కట్టించాడు. "ఇక నుంచి చెవుడు ఆయనది కాదు, ఊరిది" అన్నాడు. ఏ లోపమైనా సరే, చదును పాదమైనా సరే, తెర లోపలే. బయట ఎవరడిగినా, తల్లే అడిగినా, జవాబు ఒకటే. చెప్పకూడదు.

దాచేది కొందరికే దాస్తే దాచినట్టు కాదు. ఆ సంగతి నాకు పుచ్చుపళ్ల దగ్గర తెలిసింది.

వారం తిరక్కుండా జగ్గయ్యపేట చేరాం. ఏరు ఎండి ఇసుక తెల్లగా మెరుస్తోంది. పేటలో ఒక రైసుమిల్లు వెనక నాపరాళ్లు పరిచిన కళ్లం మాకిచ్చారు. పది గంటలకల్లా ఆ రాళ్ల మీద కాలు పెట్టలేం. అందుకని ఐదున్నరకే లైను. వచ్చిన మొదటిరోజే లైన్లో ఒక తల అందరికంటే పైకి కనపడింది. ఎవరో చెప్పక్కర్లేకపోయింది.

"మీరు సామ్రాజ్యం బావ కదండీ?" అన్నాడు వాడే. "మీ గురించి చెప్పింది. చిన్నప్పుడు తేలు కుట్టినా ఏడవలేదంటగా!"

నా తేలు సంగతి వీడికెందుకు చెప్పింది? ఎప్పుడు చెప్పింది? ఒళ్లు మండింది. "మీ మామగారికి తెలుసా, ఇక్కడికొచ్చినట్టు?" అన్నాను.

"తెలియదండి. తెలిస్తే పెళ్లి మానేస్తారు. కానీ యుద్ధమొచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని పేపరు చదివితే సరిపోద్దా? మీరు వెళ్లారుగా."

నన్ను చూసి వచ్చాడన్నమాట. అది విని కూడా నాకు మెత్తబడాలనిపించలేదు.

"ఛాతీ కొలవాలి. సరేనా?"

"కానియ్యండి."

టేపు చుట్టాను. ఊపిరి పీల్చమన్నాను. నాకంటే మూడంగుళాలు ఎక్కువ. టేపు తప్పేమోనని మళ్లీ కొలిచాను. తప్పు కాదు. చూపు చక్కగా ఉంది. పాదాలు చక్కగా ఉన్నాయి. పళ్లు తోమి ఆరేసినట్టున్నాయి. వాడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి ఉండాలి. ఉండకపోతే దేవుడు అన్యాయం చేసినట్టే. అంత శ్రద్ధగా నేను ఆ డ్యూటీలో మరొకణ్ణి చూడలేదు. కుళ్లుతో చూసే కళ్లకి మచ్చలు బాగా కనపడతాయి.

కనపడింది. ఎడమ దండచేతి వెనక, రూపాయి బిళ్లంత. చుట్టూ ఉన్న రంగు కంటే కాస్త పాలిపోయి, వెంట్రుక లేకుండా. నాలో ఎగిరి గంతేసినవాడు ఒకడున్నాడు. ఆ గంతు సగంలోనే ఆగింది. అది ఏమై ఉంటుందో నాకు నేర్పారు.

ఇంకో దారి కూడా ఉందని నాకు అప్పుడే తోచింది. ఏమీ అనకుండా పంపిస్తే డాక్టరు ముందు నుంచి చూసి పాస్ చేయొచ్చు. సిపాయి అయితే మామయ్య పిల్లనివ్వడు. వాడి చెయ్యి వాడి ఖర్మ. ట్రక్కు తలుపు మీద ఆ రోజు రాసి ఉన్న మాట నెగ్లిజెన్స్. తెలుగులో ఏమంటారని పొద్దున్న డాక్టరు అడిగితే, చూసీ చూడనట్టు పోవడం అని చెప్పింది నేనే. నా మాట నాకే అడ్డంపడింది.

డాక్టర్ని పిలిచాను. ఆయన దూది ఇచ్చాడు. వీరభద్రాన్ని కళ్లు మూసుకోమన్నాను. దూదిని సన్నగా మెలిపెట్టి చేతి మీద ఇక్కడా అక్కడా తాకించాను. "ఎక్కడ తాకిందో వేలుతో చూపించండి." మణికట్టు, చూపించాడు. మోచెయ్యి, చూపించాడు. మచ్చ మీద తాకించాను. వాడు కదలకుండా నిలబడ్డాడు.

"ఊ, కానియ్యండి" అన్నాడు. ఇంకా తాకలేదనుకుంటున్నాడు.

తెర లోపల డాక్టరు వాడికి సంగతి చెప్పాడు. ఆయనకి తెలుగు రాదు. చెప్పాల్సిన నోరు నాది. ఆయన హిందీలో ఒక్కో మాటా నిదానంగా చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. ఇది కుష్టు. భయపడొద్దు. దీనికి మాత్రలున్నాయి. కొన్నేళ్లు మానకుండా తినాలి. ఈ రకం పక్కవాళ్లకి అంటదు. సైన్యంలోకి తీసుకోలేం.

వాడు తన చెయ్యిని వేరేవాళ్ల చెయ్యిలా చూసుకున్నాడు.

డాక్టరు నా వైపు తిరిగాడు. "నేను ఎక్కువ మాట్లాడాను. నువ్వు తక్కువ మాట్లాడావు. ఏదో మిగిలింది."

మిగిలిన మాట నా గొంతులోనే ఉంది. "పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు అన్నారు డాక్టరుగారు" అన్నాను. డాక్టరు చూపు నా మీద నుంచి కదల్లేదు. వీరభద్రం మొట్టమొదటిసారి తల ఎత్తాడు.

"మీరు ఇంట్లో చెప్తారాండీ?" అని నన్నడిగాడు.

"చెప్పకూడదు."

"అయితే నేనే చెప్పుకోవాలి" అన్నాడు. చొక్కా వేసుకుని ఆ రాళ్ల మీద నడుచుకుంటూ వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం మామయ్య భోజనానికి పిలిచాడు. డాక్టరు సెలవిచ్చి, "నోరు ఇక్కడే వదిలి వెళ్లు" అన్నాడు. ముద్దపప్పు, గోంగూర, గడ్డపెరుగు. సామ్రాజ్యం వడ్డించింది. రెండేళ్లలో ఎత్తు పెరిగింది, మాట తగ్గింది. అత్తయ్య లేదు, అంతకు ముందే పోయింది. నేను రెండో ముద్ద కలుపుతుండగా మామయ్య మొదలుపెట్టాడు.

"అల్లుడూ, ఆ చిల్లకల్లు వాడు మీ లైన్లో నిలబడ్డాడంటగా. నాకు చెప్పకుండా!"

"నిలబడ్డాడు మామా."

"తీసుకోలేదంట. ఎందుకు?"

"చెప్పకూడదు."

"నాకు కూడానా? మేనమామనిరా!"

"ఎవరికీ చెప్పకూడదు మామా. పాదం చదునైనా చెప్పం."

"సిపాయైతే సిపాయని పిల్లనివ్వను. సిపాయిగా కూడా పనికిరాలేదంటే మరీ ఇవ్వను. ఆరడుగుల మనిషిని వద్దన్నారంటే లోపల ఏదో పెద్దదే ఉంది. నువ్వు అవునని అనక్కర్లా. కాదని అనకపోతే చాలు, ఆ సంబంధం ఇప్పుడే వదిలేస్తా. పిల్ల ఎక్కడికీ పోదు. నీకే చేస్తా."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను నోరు విప్పక్కర్లేదు. ఏ ఆర్డరూ మీరక్కర్లేదు. డాక్టరు చెప్పినట్టే గమ్మున కూర్చుంటే సామ్రాజ్యం నాదవుతుంది. కొండల మీద అన్నాళ్లు నేను కోరుకున్నది పెరుగన్నం పక్కన పెట్టి ఇస్తున్నాడు మామయ్య. కానీ పుచ్చుపళ్ల తండ్రి గుర్తొచ్చాడు. నా మౌనం కూడా చెవిలో ఊదడమే.

"మామా, అట్లా అడిగితే నాకు దారి లేదు" అన్నాను. "కాదన్నా తప్పే, అనకపోయినా తప్పే. ఆ మనిషినే పిలిపించి అడుగు. అప్పటిదాకా నా మొహం చూసి ఏమీ తేల్చకు. నేను ఆ పిల్ల కోసం కాచుక్కూర్చున్నవాణ్ణి, నా మొహాన్ని ఎట్లా నమ్ముతావు?"

మామయ్య తెల్లబోయాడు. ఆ మాట నేను ఆమె ముందు అన్నానని నాకు తర్వాత తెలిసింది.

"పిలవక్కర్లేదు నాన్నా" అంది సామ్రాజ్యం గుమ్మం దగ్గర నుంచి. "నిన్న సాయంత్రం నువ్వు మిల్లుకెళ్లినప్పుడు వచ్చాడు. లోపలికి రాలా. వాకిట్లో నిలబడి చెప్పాడు. చేతి మీద మచ్చంట. పెద్దరోగమంట. మందుందంట. దాచి పెళ్లి చేసుకోనన్నాడు. రాత్రి నీకు చెబుదామంటే నాకే నోరు పెగల్లా."

మామయ్య కంచంలో చెయ్యి కడిగేశాడు. "చాలు. ఆ గొడవ వదిలిపోయింది" అన్నాడు.

"వదల్లేదు. బావని ఒకటి అడగనీ." ఆమె నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "బావా, వాడి సంగతి అడగట్లా. ఆ జబ్బు సంగతి అడుగుతున్నా. ఆ మాత్రలు తింటే తగ్గుద్దా? అబద్ధం చెప్పకు."

వాడు వాకిట్లో నిలబడి చెప్పిన ఆ కాసేపటి ముందు నా యుద్ధమంతా ఎందుకూ కొరగాలేదనిపించింది. ఆ రహస్యం వాడిది కాబట్టి వాడు చెప్పగలిగాడు. దాచిపెట్టినందుకు నాకు దక్కింది గోంగూర. నాకు వాడి ఛాతీ మీద అసూయ పోయింది, అంతకంటే పెద్దది పట్టుకుంది.

"తగ్గుద్ది" అన్నాను. "కొన్నేళ్లు తినాలి. మానకూడదు."

"అంటుద్దా?"

"మచ్చ ఒక్కటే ఉండే రకం అంటదు."

"తగ్గుతోందని ఎట్లా తెలుస్తుంది?"

కంచంలోనే చెయ్యి కడుక్కుని, దీపం దగ్గర నుంచి వత్తులు చేసే పత్తి అందుకున్నాను. మెలిపెట్టి చూపించాను. కళ్లు మూయించి తాకాలి, వేలుతో చూపించమనాలి, మచ్చ మీద కూడా వేలు సరిగ్గా పడిన రోజు బాగవుతున్నట్టు. "నువ్వు చెయ్యి చూద్దాం" అని నా చెయ్యి చాపాను. ఆమె పత్తి తీసుకుని పక్కకి జరిగి వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుంది. మామయ్య విసుక్కుంటూనే కళ్లు మూసుకున్నాడు.

"ఇంతేనా బావా? డాక్టరుగారు ఇంకేమీ అనలేదా ఈ జబ్బు గురించి?"

ఆమెకి అది ముందే తెలుసు. వీరభద్రం చెప్పే ఉంటాడు. వాళ్ల నాన్న నా నోటి నుంచి వినాలని అడిగింది. ఈసారి పక్కన డాక్టరు లేడు, నా మాటలు లెక్కపెట్టేవాడు లేడు. మామయ్య కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"పెళ్లి చేసుకోవచ్చంటారు డాక్టర్లు" అన్నాను. "పిల్లల్ని కనవచ్చంటారు."

ఆమె తల వంచుకుంది. ఆ పత్తి పోగు ఆమె వేళ్ల మధ్యే ఉంది, పారెయ్యలేదు. నేను లేచి బూట్లు వేసుకున్నాను.

క్యాంపు ముగించి కీసర మీదుగా బెజవాడ వెళ్లిపోయాం. ట్రక్కులో డాక్టరు ముందు సీట్లో నుంచి వెనక్కి తిరిగి "భోజనం ఎలా ఉంది?" అన్నాడు. "బాగుంది సార్" అన్నాను. డ్రైవరు మా ఎండని మళ్లీ తిట్టాడు. ఈసారి నేనూ కలిశాను.

మామయ్య ఒప్పుకోవడానికి ఆరునెలలు పట్టిందని అమ్మ రాయించింది. పెళ్లికి నాకు సెలవు దొరకలేదు. దొరికినా అడిగేవాణ్ణి కాదు. ఆ తర్వాతి ఏడు ఇంటికొచ్చినప్పుడు అమ్మ పోరు పడలేక వాళ్లకి బట్టలు పెట్టడానికి చిల్లకల్లు వెళ్లాను. సాయంత్రం, ఎండ వాలింది. వాళ్ల దడి దగ్గర ఆగాను. తడిక తీసే ఉంది.

వీరభద్రం వసారాలో పీట మీద కూర్చున్నాడు, చొక్కా లేకుండా, కళ్లు గట్టిగా మూసుకుని. సామ్రాజ్యం వెనక మోకాళ్ల మీద కూర్చుంది, నిండు నెలల మనిషి. చేతిలో పత్తి పోగు. నేను చూపించినట్టే మెలిపెట్టింది. మణికట్టు తాకింది, వాడు చూపించాడు. మోచెయ్యి తాకింది, చూపించాడు. తర్వాత ఊపిరి బిగబట్టి దండ వెనక తాకింది. వాడు ఆగాడు. నేనూ ఆగాను. వాడి కుడిచెయ్యి నిదానంగా లేచి, భుజం మీదుగా వెనక్కి వెళ్లి, సరిగ్గా ఆ చోట వేలు పెట్టింది.

ఆమె ఆ వేలి మీద నుదురు ఆనించింది.

బట్టల మూట దడి మీద పెట్టి వచ్చేశాను. మంచుకొండలు మర్చిపోయాను. ఇది మాత్రం ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనపడుతుంది. ఆ నుదురు, ఆ వేలు, నేను నేర్పిన ఆ పత్తి పోగు. ఆ పరీక్ష నా చేతి మీద ఎవరూ చెయ్యలేదు.